కర్త లేని వాక్యం

తెలుగు వాక్యానికి కర్మణి ప్రయోగం అంతగా పొసగదని ఇరవై ఏళ్లుగా క్లాసులో చెబుతూనే వున్నాను. "రామునిచేత రావణుడు చంపబడెను" అని ఎవరింట్లోనూ మాట్లాడుకోరు. "రాముడు రావణుణ్ణి చంపాడు" అంటారు. అయినా ఆ ప్రయోగానికేం ఆయుస్సు తీరలేదు. మా బెజవాడ బీసెంటు రోడ్డు మీద నాలుగు అడుగులు వేసి చూడండి. ఏదో ఒక కొట్లో, గల్లాపెట్టె వెనకాల గోడ మీద, అది నిక్షేపంలా వుంటుంది: "అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు."

ఎవరిచేత తీసుకోబడదు? బోర్డు చెప్పదు. కర్మణి ప్రయోగంలో వున్న సుఖమే అది. పని జరుగుతుంది, చేసినవాడు కనబడడు.

ఆ బోర్డు పూర్తిగా చెల్లదు సుమండీ. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కు తీసుకుని డబ్బివ్వనంటే అది అక్రమ వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. కొట్టువాడు మొండికేస్తే 1915 నెంబరుకు ఫోను చెయ్యవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషనుకూ వెళ్లవచ్చు. సరుకుకు మీరిచ్చిన డబ్బు 5 లక్షలు దాటకపోతే ఫీజు కూడా లేదు. కాబట్టి పాఠకులు బోర్డు చూసి జడుసుకోనక్కర్లేదు. అయితే ఒక్క సంగతి. చట్టం అన్నది "లోపమున్న సరుకు" అని. లోపం చీరలో వుండాలి గాని, కట్టుకున్నవాళ్లలో కాదు.

ఈ మాట నేను నేర్చుకున్నది చట్టం చదివి కాదు, మా మరదలి వల్ల.

కిందటి శ్రావణంలో గుడివాడలో మా ఆవిడ వైపు వాళ్ల పెళ్లి. మా మరదలు పెళ్లికి నాలుగు రోజుల ముందు వన్‌టౌన్‌లో ఒక కొట్లో పట్టుచీర తీసుకుంది. ఖరీదు 6,800. కొట్టు యజమాని ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. "ఇంట్లో చూపించుకోండి, నచ్చకపోతే వారంలోగా తెచ్చెయ్యండి" అన్నాడు. వారంలోగా పెళ్లి అయిపోయింది. పెళ్లిలో ఆ చీర నేను కళ్లారా చూశాను. బాగుందని అన్నాను కూడా.

ఏడో రోజున మా మరదలు సంచీతో మా ఇంటికి వచ్చింది. "బావగారూ, ఒక్కసారి నాతో కొట్టుదాకా రండి. మీరేమీ మాట్లాడక్కర్లేదు, పక్కన నుంచుంటే చాలు."

"కట్టేశావు గదమ్మా!"

"ఫాల్ కుట్టించలేదు, లేబులు తియ్యలేదు. ఒక్కపూట కడితే అరిగిపోతుందా ఏమిటి? ఇప్పుడంతా ఇదే చేస్తున్నారు బావగారూ."

"సబబు కాదేమో" అన్నాను. ఆ "ఏమో" దగ్గరే నా మాస్టరీ అంతా తేలిపోయింది. చొక్కా తొడుక్కుని బయల్దేరాను.

కౌంటరు దగ్గర ఒక అమ్మాయి చీర అందుకుంది. మడత విప్పి, కుచ్చిళ్ల దగ్గర చూసి, కొంగు తిప్పింది. కొంగు మడతలోంచి ఏదో జారి తెల్లటి పరుపు మీద పడింది. పసుపు అంటిన బియ్యపుగింజ. అక్షింత.

నేను చూశాను. మా మరదలు చూసింది. ఆ అమ్మాయీ చూసింది. ఒక్క క్షణం నా ముఖం వంక చూసి, చిటికెనవేలితో ఆ గింజను మెల్లిగా కిందికి తోసేసింది. "కొత్తదేనండీ" అని యజమానితో చెప్పింది. అతను నాకు నమస్కారం పెట్టి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, కాఫీ కూడా తెప్పించాడు. ఆ కాఫీ గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది.

మా చిన్నతనంలో దివిసీమ వైపు పల్లెల్లో బట్టల మూటవాడు వచ్చేవాడు. అరుగు మీద మూట విప్పి, ఆడవాళ్లు ఎటూ తేల్చుకోలేకపోతుంటే మూడు చీరలు అక్కడే వదిలేసి, "వచ్చేవారం వస్తాను, వుంచుకున్నదానికి డబ్బివ్వండమ్మా" అని పోయేవాడు. చీటీ లేదు, సంతకం లేదు. ఆ వారంరోజులూ చీరలు భోషాణంలో వుండేవి. పొరపాటున పిల్లలు ముట్టుకుంటే మా నాయనమ్మ చెయ్యి మీద ఒక్కటిచ్చేది. "మనవి కావురా అవి!" 1930 నాటి సరుకుల విక్రయ చట్టం చెప్పేదీ దాదాపు ఇదే: నచ్చితే వుంచుకొమ్మని ఇచ్చిన సరుకును నీ సొంతం చేసుకున్నట్టు వాడుకుంటే, అది నీదయిపోయినట్టే. మా నాయనమ్మ ఆ చట్టం పేరు వినలేదు.

ఇది మన బెజవాడ జాడ్యమే అనుకోకండి. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో ఎల్.ఎల్. బీన్ అని ఒక కంపెనీ వుంది. 1912లో దాని వ్యవస్థాపకుడు బీన్ గారు వేటగాళ్లకోసం బూట్లు చేయించి, పోస్టులో అమ్మడం మొదలుపెట్టాడు. మొదటి వంద జతల్లో తొంభై జతలు కుట్లు వూడి వెనక్కు వచ్చాయట. ఆయన అందరికీ డబ్బు తిరిగిచ్చి, అప్పుచేసి, బూటు బాగుచేసి మళ్లీ అమ్మాడు. నచ్చకపోతే ఎప్పుడైనా తెచ్చివ్వవచ్చునన్న మాట అప్పటినుంచీ ఆ కంపెనీకి కిరీటం. ఆ కిరీటం 2018 ఫిబ్రవరిలో దిగిపోయింది. ఏళ్లతరబడి వాడి అరగదీసినవి, పాత సామాన్ల అమ్మకాల్లో ఎవరిదగ్గరో కొన్నవి కూడా జనం తెచ్చి కొత్తవి ఇమ్మంటుంటే, ఇకమీద ఏడాదే గడువు, కొన్న రుజువు కావాలి అని కంపెనీ ప్రకటించింది. చూశారా! అమ్మినవాడి తప్పుకు అమ్మినవాడే నష్టపడినప్పుడు పుట్టిన మర్యాద అది. కొన్నవాడి తప్పుకు ఎవరు నష్టపడాలో తేలక పోయింది.

ఇప్పుడు కొట్టుదాకా వెళ్లే శ్రమ కూడా లేదు. ఫోనులో మూడు కొలతలు తెప్పించి రెండు పంపేస్తాం. మంగళగిరి మగ్గం మీద నేసిన చీరలో ఒక పోగు కాస్త లావుగా వుంటే "డిఫెక్టు" అని తిప్పిపంపేవారున్నారు. చేనేత అన్నాక పోగు లావు సన్నం వుండదా? రానూ పోనూ చార్జీలు చిన్న వ్యాపారి లాభాన్ని మింగేస్తాయి. అందుకే ఫోనులో చీరలమ్మే ఆడవాళ్లు చాలామంది "పార్సిలు విప్పేటప్పుడు వీడియో తియ్యకపోతే రిటర్ను లేదు" అని రాస్తున్నారు. నిజంగా చిరిగిన చీర అందినవాళ్లు, పాపం, వీడియో తియ్యలేదని నోరు మూసుకోవలసివస్తున్నది. మోసం చేసేది ఒకరు, అనుమానానికి గురయ్యేది మరొకరు.

ఇక మళ్లీ నా సంగతికి వస్తాను. నెల రోజుల తర్వాత పంచెల చాపు కోసం అదే కొట్టుకు వెళ్లాను. గుమ్మం పక్కన "తగ్గింపు ధరలు" అని కట్టిన తాడు మీద మా మరదలి చీర వేలాడుతున్నది. 4,500 అని చీటీ. కౌంటరు దగ్గర ఆ అమ్మాయే వుంది.

"అదేమిటమ్మా, కొత్తదేనన్నావుగా?"

అమ్మాయి నవ్వలేదు. "వెలుగులో చూస్తే చంక దగ్గర చెమట మరక కనబడిందండీ. అయ్యగారు తగ్గించేశారు."

"నష్టం కొట్టుకేగా?"

చెప్పనంది. రెండుసార్లు అడిగాక చెప్పింది. వెనక్కు వచ్చిన చీర చూసి తీసుకున్నవాళ్ల మీద సగం వేస్తారట. 2,300లో సగం, 1,150. ఆ నెల జీతంలో పట్టేశారు. జీతం పదకొండు వేలు. ఇల్లు సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబరులో బుడమేరు ఇళ్లమీద పడ్డప్పుడు పోయిన ఫ్రిజ్జు, మిషను మళ్లీ కొన్న వాయిదాలు ఇంకా నడుస్తున్నాయట.

"మరి ఆరోజు అక్షింత చూశావు గదా, ఎందుకు చెప్పలేదు?"

"మీరు మాస్టారుగారట గదండీ. మీరు పక్కనుండగా ఎలా చెప్పనండీ?"

ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ఆ పూట కాకిని నేనేనని తెలిసింది. చీర మోసింది మరదలైనా, దానికి మర్యాద తొడిగి కొట్లోకి తీసుకువెళ్లినవాణ్ణి నేను. నేను లేకపోతే ఆ అమ్మాయి నోరు విప్పేదే.

తిన్నగా యజమాని దగ్గరికి వెళ్లి, ఆ చీర నాకు 6,800కే బిల్లు వెయ్యమన్నాను.

"అయ్యో, తగ్గించాం గదా మాస్టారూ!"

"తగ్గించింది మావల్ల. పూర్తి ఖరీదు తీసుకో. ఆ అమ్మాయి దగ్గర పట్టినది ఇచ్చెయ్యి. అక్షింత నేనూ చూశాను; తప్పు ఆమెది కాదు, మాది."

అతను కాసేపు మాట్లాడలేదు. గల్లాపెట్టె వైపు చూస్తూ, "అలాగే, ఇవ్వబడుతుంది లెండి" అన్నాడు.

"ఏమయ్యా, కర్త ఏడీ?"

పాత క్లాసు గుర్తొచ్చినట్టుంది. సిగ్గుపడ్డాడు. "ఇప్పుడే నేనే ఇస్తాను మాస్టారూ" అన్నాడు. ఇచ్చాడు కూడా. నేను అక్కడుండగానే. కాని సగం కోత అన్న ఆచారం మానేస్తానని మాత్రం అనలేదు. అదీ అడగవలసింది, నాకు నోరు రాలేదు. అంతటి తప్పు చేసి వెళ్లినవాడు న్యాయాలు చెప్పడం కష్టం.

చీర తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పాను. కాసేపు నన్ను, కాసేపు చీరను చూసి బీరువాలో పెట్టింది. సంక్రాంతినాడు కట్టుకుంది. మధ్యాహ్నం మా మరదలు భోజనానికి వచ్చి, విస్తరి ముందు కూర్చుంటూ, "అక్కా, అచ్చం ఇలాంటి చీరే నేను..." అని ఆగిపోయింది.

"ఇలాంటిది కాదే, అదే. పప్పు వడ్డించనా?" అన్నది మా ఆవిడ.