ఐర్లండులో "మనం" అంటే ఎవరు?

పోటీ పరీక్షలకి చదివినవాళ్ళకి ఐర్లండు పేరు చెప్పగానే ఒక బిట్టు గుర్తొస్తుంది: ఆదేశిక సూత్రాలు మనం ఆ దేశపు రాజ్యాంగం నుంచి తీసుకున్నాం అని. పేపర్లో విదేశీ వార్తలు చదివే అలవాటున్నవాళ్ళకయితే బాంబులు, ఐ.ఆర్.ఏ., కేథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ పడదన్న సంగతీ తెలిసుంటాయి. నాకూ చాన్నాళ్ళు అంతే తెలుసు. ఐరిష్ జాతీయవాదం అంటే కేథలిక్కులది, దాన్ని వద్దనేవాళ్ళు ప్రొటెస్టెంట్లు. ఇదీ నా లెక్క.

పద్దెనిమిదో శతాబ్దం చివరి పాతికేళ్ళ గురించి చదివాక ఆ లెక్క కాస్తా తలకిందులైంది. ఐర్లండు ఇంగ్లండుతో తెగదెంపులు చేసుకుని గణతంత్రం కావాలన్న ఉద్యమాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ముఖ్యులు ప్రొటెస్టెంట్లే. అదీ ఎక్కడనుకున్నారు? బెల్‌ఫాస్టులో!

ముందు అప్పటి పరిస్థితి చెప్పాలి. జనాభాలో దాదాపు ముప్పాతిక వంతు కేథలిక్కులు. వాళ్ళు పార్లమెంటులో కూర్చోకూడదు. 1728లో ఓటు కూడా పీకేశారు. భూమి కొనడానికి సైతం చట్టాలు అడ్డు. భూములు, పదవులు, పార్లమెంటు అన్నీ ఆంగ్లికన్ చర్చికి చెందిన కొద్దిమంది చేతిలో ఉండేవి. ఉత్తరాన స్కాట్లండు నుంచి వచ్చి స్థిరపడిన ప్రెస్బిటేరియన్లు ప్రొటెస్టెంట్లే అయినా, తమది కాని ఆంగ్లికన్ చర్చికి పంటలో వంతు కట్టాల్సిందే. పోనీ ఆ పెద్దలకైనా పూర్తి అధికారం ఉందా అంటే అదీ లేదు. డబ్లిన్ పార్లమెంటు ఏ చట్టం చెయ్యాలన్నా లండన్ తలూపాలి.

అమెరికా యుద్ధంతో కథ మారింది. సైన్యం అక్కడికి వెళ్ళిపోయింది, ఫ్రాన్సు ఎప్పుడు దాడి చేస్తుందో తెలీదు. దాంతో 1778లో ఐర్లండు ప్రొటెస్టెంట్లు వాలంటీర్లుగా ఏర్పడి తుపాకులు పట్టారు. పట్టాక ఆ తుపాకులు చూపించి లండన్‌ని అడగడం మొదలెట్టారు. 1779లో వ్యాపార ఆంక్షలు సడలాయి. 1782లో హెన్రీ గ్రాటన్ నాయకత్వంలో డబ్లిన్ పార్లమెంటుకి సొంతంగా చట్టాలు చేసుకునే హక్కొచ్చింది. ఒక్క చుక్క రక్తం కారకుండా!

గొప్ప విజయమే, కాదన్ను. కానీ ఎవరి విజయం? కామన్స్ సభలో 300 మంది ఉంటే, అందులో సగానికి పైగా సీట్లు ఏదో ఒక జమీందారు జేబులో ఉండేవి. మరుసటి ఏడు, 1783లో, వాలంటీర్లు డబ్లిన్‌లో సభ పెట్టి పార్లమెంటుని సంస్కరించాలన్నారు. ఓటు సంగతి వచ్చేసరికి కేథలిక్కులని పక్కన పెట్టేశారు. గ్రాటన్ మటుకు కేథలిక్కుల పక్షానే మాట్లాడాడు, ఆ మాట ఒప్పుకోవాలి. మిగతావాళ్ళకి భయం. తాతలు లాక్కున్న భూములు తిరిగి అడుగుతారేమోనన్న భయం. చివరికి ఆ సంస్కరణలూ రాలేదు. పార్లమెంటు వాటిని ఖాతరు చెయ్యలేదు.

ఎందుకు ఖాతరు చెయ్యాలి? వెనకాల జనం లేని డిమాండుకి ఎవరు భయపడతారు?

ఇది నా సొంత తెలివేం కాదు. 1791లో వుల్ఫ్ టోన్ అనే డబ్లిన్ లాయరు ఈ మాటే రాశాడు. తను ఆంగ్లికన్. కేథలిక్కుల తరఫున వాదిస్తూ ఒక కరపత్రం వేశాడు, అదీ ముఖ్యంగా ప్రెస్బిటేరియన్లని ఉద్దేశించి. దాని సారాంశం: మీరు ముప్పాతిక మందిని వదిలేసి స్వేచ్ఛ అడిగారు, అందుకే ఓడిపోయారు. ఆ అక్టోబరులోనే బెల్‌ఫాస్టులో యునైటెడ్ ఐరిష్‌మెన్ సంఘం పుట్టింది. మొదట చేరినవాళ్ళలో ఎక్కువమంది ప్రెస్బిటేరియన్ వ్యాపారస్తులు. నువ్వు ఏ చర్చికి వెళ్తావన్నది కాకుండా, ఐరిష్‌వాడివి అన్నదొక్కటే గుర్తింపుగా ఉండాలన్నది టోన్ ఆశ. మరుసటి ఏడాది అదే ఊళ్ళో పాతకాలపు హార్ప్ వాయిద్యకారులని పిలిచి పండగ చేశారు, ఆ పాటలు పోకుండా రాసి పెట్టుకోవడానికి.

అప్పటిదాకా వాలంటీర్ల తుపాకులకే తలొగ్గిన ప్రభుత్వం ఈ కలయికకి నిజంగా బెదిరింది. 1793లో కేథలిక్కులకి ఓటు ఇచ్చింది, పార్లమెంటులో సీటు మాత్రం ఇవ్వలేదు. 1794లో డబ్లిన్ సంఘాన్ని అణిచేసింది. దాంతో వీళ్ళు రహస్య ప్రమాణాలతో పనిచేసే విప్లవ సంఘంగా మారారు. 1795లో అర్మాలో కేథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ కొట్లాటలు ముదిరి ఆరెంజ్ ఆర్డర్ పుట్టింది. వేలమంది కేథలిక్కులని ఇళ్ళు తగలబెట్టి తరిమేశారు. ప్రభుత్వం ఆ పగని పుట్టించలేదు గానీ, పనికొస్తుందని గ్రహించింది. 1797లో విలియమ్ ఓర్ అనే ప్రెస్బిటేరియన్ రైతుని, ఇద్దరు సైనికుల చేత సంఘం ప్రమాణం చేయించాడన్న నేరానికి ఉరి తీశారు.

1796 డిసెంబరులో టోన్ ఫ్రెంచి నౌకాదళాన్ని వెంటబెట్టుకుని బాంట్రీ అఖాతం దాకా వచ్చాడు. తుఫాను వల్ల దిగలేకపోయారు. చివరికి 1798 మేలో తిరుగుబాటు లేచేసరికి నాయకులు చాలామంది అరెస్టయిపోయారు. ఉత్తరాన హెన్రీ జాయ్ మెక్రాకెన్ లాంటి ప్రెస్బిటేరియన్లు జూన్‌లో లేచారు, వారం రోజుల్లో అణిగిపోయారు. దక్షిణాన వెక్స్‌ఫర్డ్‌లో కేథలిక్కు రైతులకి నాయకుడిగా ఉన్నది బాగెనల్ హార్వీ అనే ప్రొటెస్టెంటు భూస్వామి. జూన్ 5న అక్కడే, స్కల్లబోగ్ అన్న చోట, తిరుగుబాటుదార్లు వందమందికి పైగా బందీలని కొట్టంలో పెట్టి తగలబెట్టారు. ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు, ఆడవాళ్ళూ పిల్లలూ కూడా ఉన్నారు.

"చూశారా, టోన్ కల ఉత్త పిచ్చి" అనేవాళ్ళు ఈ స్కల్లబోగ్‌నే చూపిస్తారు. నేను దాన్ని సమర్థించను, సమర్థించడానికేమీ లేదు. కానీ అందులో కాలిపోయినవాళ్ళలో కొందరు కేథలిక్కులూ ఉన్నారు. ఆ చంపడాలు ఆపాలని ఉత్తర్వు వేసింది హార్వీయే. అదే నెలలో ప్రభుత్వం ఆయన్ని ఉరి తీసింది. అంతకు వారం ముందు కిల్డేర్ దగ్గర లొంగిపోయిన తిరుగుబాటుదార్లని సైన్యం వందల్లో చంపింది. కలిసి ఉండడం అసాధ్యమని ఇవి రుజువు చెయ్యవు. భయపెట్టి విడగొట్టడం ఎంత తేలికో చెబుతాయి, అంతే.

అణిచివేత చివరి అంకానికి వచ్చినవాడు మనకి బాగా తెలిసినవాడే. టిప్పు సుల్తాన్ చేత సగం రాజ్యం రాయించుకుని, బెంగాల్లో శాశ్వత శిస్తు పెట్టిన కారన్‌వాలిస్. 1798 జూన్‌లో వైస్రాయిగా, సేనాపతిగా ఐర్లండులో దిగాడు. తర్వాతి పని డబ్లిన్ పార్లమెంటు చేత తన చావుపత్రం మీద తనే సంతకం పెట్టించడం. 1799లో సభ ఒప్పుకోలేదు. బిరుదులు పంచారు, పదవులు పంచారు, పోయే ఒక్కో బరోకి 15,000 పౌన్లు పరిహారం అన్నారు. 1800లో ఒప్పుకుంది! ఈ బేరాలు కారన్‌వాలిస్‌కే రోత పుట్టించాయని ఆయన ఉత్తరాలే చెబుతాయి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ తర్వాతి సంగతి. ఆ పార్లమెంటు పోతుంటే కేథలిక్ బిషప్పులు చాలామంది విలీనాన్నే సమర్థించారు. తమని లోపలికి రానివ్వని సభ ఉంటేనేం, పోతేనేం? లండన్ అయినా సీటిస్తుందేమో అనుకున్నారు. ప్రధాని పిట్ ఇద్దామనే అనుకున్నాడు, రాజు మూడో జార్జి ఒప్పుకోలేదు. ఆ సీటు కోసం 1829 దాకా ఆగాల్సొచ్చింది. అప్పటికి జాతీయవాదం కేథలిక్కులది అయిపోయింది, బెల్‌ఫాస్టు ప్రెస్బిటేరియన్లు చాలావరకూ అవతలి పక్షానికి చేరిపోయారు. నేను మొదట్లో చెప్పిన "లెక్క" అలా తయారైనదే. అది అనాదిగా ఉన్నది కాదు.

1998లో, తిరుగుబాటుకి సరిగ్గా రెండొందల ఏళ్ళకి, బెల్‌ఫాస్టులో ఒప్పందం కుదిరింది. ఉత్తర ఐర్లండులో పుట్టినవాళ్ళు ఐరిష్ అనుకోవచ్చు, బ్రిటిష్ అనుకోవచ్చు, రెండూ అనుకోవచ్చు. టోన్ అడిగినదానికి ఇది సగం జవాబు. ఈ సగానికైనా మధ్యలో ఎంతమంది పోయారో!

గ్రాటన్ మాట్లాడిన పార్లమెంటు భవనం డబ్లిన్‌లో ఇప్పటికీ ఉంది. 1803లో బ్యాంక్ ఆఫ్ ఐర్లండ్ కొనుక్కుంది. అప్పట్నుంచీ అందులో డబ్బు లెక్కపెడుతున్నారు. మనుషులని లెక్కపెట్టుకోని సభకి అంతకన్నా ఏం మిగులుతుంది చెప్పండి?