తాతల మాటలను వ్రాసి యుంచుడు

చిన్ననాడు దసరా సెలవులు రాగానే నేను ఆదిలాబాదు గుట్టలలోని మా తాత చేనికి పోయెడివాడను. జొన్న పాలుపట్టు దినములవి. పగలు పిట్టలకు వడిసెలతోను, రాత్రి అడవిపందులకు నెగడుతోను తాత మంచెమీద కావలి కాచెడివాడు. అవ్వ గటక వండి, గంపలో పెట్టుకొని గుట్ట యెక్కి వచ్చెడిది. ఆ చేనిలో ప్రతి బండకు, ప్రతి చెట్టునకు ఒక పేరుండెను. ఏ చెలకను ఎవరు మొదట కొట్టిరో, ఏ యేట కరవు వచ్చెనో తాత చెప్పుచుండగా నేను నిద్రపోయెడివాడను. నేడు నాకు నలువది యేండ్లు దాటినవి. ఆ పేర్లలో రెండైనను జ్ఞప్తికి రావు. అడుగుదమన్న తాతయు లేడు, అవ్వయు లేదు.

ఇది నా యొక్కని విచారమే యైనచో ఈ పత్రికలో చోటు కోరను. గుట్టమీద సేద్యము చేసినవారికి భూమి యుండెను గాని కాగితము లేకుండెను. నిజాము ప్రభుత్వము అడవులను తనవిగా హద్దులు వేసినప్పుడు అనేకుల చేలు పోయినవి. ఆ భూమికై పోరాడి కొమరం భీము 1940లో జోడేఘాటున ప్రాణములు విడిచెను. పిమ్మట ప్రభుత్వము హైమెండార్ఫు అను పండితుని విచారణకు పంపెను. ఆయన మార్లవాయిలో నివసించి, గోండు పెద్దల నడిగి, వారి స్థితిని వ్రాసెను. తరువాతి యేండ్లలో అనేక గోండు కుటుంబములకు పట్టాలు లభించినవి.

నేటికిని పెద్దల మాటకు విలువ తగ్గలేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ప్రకారము, గిరిజనులు కానివారు 2005 డిసెంబరు 13వ తేదీకి ముందు మూడు తరములు, అనగా 75 ఏండ్లు, అడవిలో నివసించి దానిపై ఆధారపడితిమని చూపవలెను. లెక్కించినచో అది 1930వ సంవత్సరము. మన తాతల కాలమే. హక్కు కోరువారు గాక వేఱు వృద్ధులు చెప్పి వ్రాయించిన వాఙ్మూలమును ఆ చట్టపు నియమములు సాక్ష్యములలో నొకటిగా అంగీకరించుచున్నవి. అదియొక్కటే చాలదు, మఱియొక సాక్ష్యమును కావలెను. అయినను చెప్పువారు గతించిన పిదప ఆ యొక్కటియు దొరకదు.

ముసలివారి ముచ్చట్లతో పరీక్ష గట్టెక్కదని కొందఱందురు. నిజమే. ఆ బ్రతుకు సుఖమయమని నేనును చెప్పను; ఆకలియు, చలిజ్వరమును వారికి తెలిసినంతగా మనకు తెలియవు. కాని గోండుల వంశచరిత్రను ప్రధానులు కిక్రి వాయించుచు తరతరములుగా పాడి నిలుపుచున్నారు. అక్షరములు నేర్చిన మనము ఆ పాటియైనను చేయలేమా?

బాలబాలికలారా! వచ్చు సెలవులలో ఒక నోటుపుస్తకము తీసికొని మీ తాత యొద్దను, అవ్వ యొద్దను కూర్చుండుడు. చేను పేరేమి, వాగు పేరేమి, ఏమి విత్తిరి, ఎవరు ఎప్పుడు కొట్టిరి అని యడుగుడు. వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసి, తేదీ వేయుడు. తలిదండ్రులారా! ఆ దినమున వారికి వేఱు పని చెప్పకుడు. పుస్తకము తెచ్చినవారిది నేను మొదటి పుట నుండి తుది వఱకు చదివెదను.