పీరియడ్ మధ్యలో పిలవకండి

మొన్న జనవరిలో ఒక సాయంత్రం మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళ్లాను. ఐదు దాటింది. పదో తరగతి గదిలో లెక్కల మేడమ్ పాత న్యూస్‌పేపర్ పరిచి మరమరాల్లో ఉల్లిపాయ ముక్కలు కలుపుతున్నారు. మధ్యాహ్న భోజనం ఎప్పుడో అరిగిపోయిన పిల్లలకు స్పెషల్ క్లాసులో లెక్క తలకెక్కదని ఆమె అనుభవం. ఖర్చు ఆమెదే. బోర్డు దగ్గర ఒకమ్మాయి ప్రాథమిక అనుపాత సిద్ధాంతాన్ని నిరూపిస్తోంది. "ఆరులో చేరినప్పుడు అప్పు తెచ్చుకుని తీసివేయడం కూడా రాదండీ దీనికి" అన్నారు మేడమ్, మెల్లగా.

హైస్కూలు టీచర్‌ను బడికి కట్టిపడేసేది ఇదే. ఆరు నుంచి పది దాకా ఐదేళ్లు ఒకే పిల్ల కళ్లముందు ఎదుగుతుంది. జీతం ముఖ్యం కాదని నేననను. ఒకటో తారీఖు దాటినా జీతం పడని నెలలు మన టీచర్లు చూశారు. ఇంటి దిగులు మోస్తూ పాఠం చెప్పడం ఎంత కష్టమో వాళ్లకే తెలుసు. కానీ జీతం కోసమే అయితే సాయంత్రం ఐదు తర్వాత ఎవరూ ఆగనక్కర్లేదు.

ఆ ఆగే మనసును మనమే అరగదీస్తున్నాం. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులు టీచర్లకు అప్పగించరాదని 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. అయినా ఆంధ్రప్రదేశ్‌లో మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించే పని కూడా కొన్నేళ్లపాటు వాళ్ల మీదే పడింది. పాఠం మధ్యలో "అర్జెంటు, వెంటనే పంపండి" అని మెసేజ్ వస్తే తెగిపోయేది పాఠం ఒక్కటే కాదు. నీ పాఠం కన్నా మేమడిగిన వివరాలే ముఖ్యం అన్న మాట టీచర్ మనసులో నాటుకుపోతుంది.

మా ఊరి బడిలో హెచ్చెమ్ గారిది ఒకటే నియమం. పైనుంచి ఎంత తొందరపెట్టినా క్లాసులో ఉన్న టీచర్‌ను పిలవరు, లీజర్ పీరియడ్ దాకా ఆగుతారు. ఆ కాస్త గౌరవమే అక్కడి స్టాఫ్‌ను నిలబెట్టిందని నా నమ్మకం.

ఆ నియమం ఒక్క హెచ్చెమ్ మంచితనంగా మిగిలిపోకూడదు. బడి గంటల్లో ఏ ఆఫీసూ టీచర్‌ను వివరాలు అడగరాదని విద్యాశాఖ ఉత్తర్వు ఇవ్వాలి. దానికి పైసా ఖర్చు లేదు. మరమరాలకు మేడమ్ పెట్టేపాటి ఖర్చు కూడా లేదు.