హైదరాబాద్ - షికాగో నేరు విమానం మళ్లీ నడపాలి

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకు, తెలుగు ఎంపీలకు, రెండు రాష్ట్ర ప్రభుత్వాలకు

శంషాబాద్ నుంచి షికాగో ఓహేర్ విమానాశ్రయం సుమారు 13,300 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్లు పోయే విమానానికి అది 15 గంటల ప్రయాణం. ఎదురుగాలి, చుట్టుదారి కలిపినా 16, 17 గంటలు. ఇప్పుడు మనవాళ్లు దుబాయ్‌లోనో, దోహాలోనో, ఢిల్లీలోనో దిగి విమానం మారుతున్నారు. చేరేసరికి 22 గంటలు దాటుతోంది, ఒక్కోసారి పూర్తిగా ఒక రోజు.

కూతురి పురుడుకు వెళ్లే తల్లులను అడగండి. దిగాల్సిన చోట ఏ గేటుకు పోవాలో, ఏ బోర్డు చూడాలో తెలియదు. తెలుగు తప్ప మరో భాష రాదు. అందుకే చక్కగా నడవగలిగినవాళ్లు కూడా వీల్‌చెయిర్ రాయించుకుంటున్నారు. అది కాళ్ల కోసం కాదు, దారి చూపే మనిషి కోసం. మోకాళ్ల నొప్పులు, షుగరు ఉన్న పెద్దలు అర్ధరాత్రి పరాయి విమానాశ్రయంలో గంటల తరబడి కుర్చీలో కూర్చోవాల్సి రావడం మనం మార్చగలిగిన కష్టం.

ఇది కొత్త కోరిక కాదు. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా బోయింగ్ 777-200ఎల్ఆర్ విమానంతో ఈ దారిని తెరిచింది. తరువాత ఆగిపోయింది. జనం లేరు కాబట్టే ఆగిందని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. వారానికి ఒక్క విమానం, అదీ కరోనా రోజుల్లో! సెలవు, వీసా, కాన్పు తేదీ అన్నీ ఆ ఒక్క రోజుకే కుదరాలంటే ఎవరికి సాధ్యం? ఆ నెలలోనే మొదలైన బెంగళూరు - శాన్‌ఫ్రాన్సిస్కో దారి దాదాపు 14,000 కిలోమీటర్లు, మనదానికన్నా ఎక్కువే. కాబట్టి దూరం అడ్డు కాదు.

అడ్డంకులు లేవని అనడం లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసింది. దాంతో దారి పెరుగుతుంది, ఇంధన ఖర్చు పెరుగుతుంది. ఇంత దూరం ఎగిరే విమానాలూ తక్కువే. అందుకే రేపే నడపమని కోరడం లేదు. ఎయిర్ ఇండియా ఆర్డరిచ్చిన ఎ350-1000 విమానాలు వచ్చేటప్పుడు వాటిలో హైదరాబాద్‌కు వాటా ఇప్పుడే ఖాయం చేయమంటున్నాం. వారానికి కనీసం మూడు సర్వీసులు కావాలి. మొదటి రెండేళ్లు సీట్లు మిగిలితే ఆ నష్టంలో కొంత రాష్ట్రాలు భరించాలి. 2018 డిసెంబరులో విజయవాడ - సింగపూర్ విమానానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అలాంటి హామీయే ఇచ్చింది. ఆ సాయం కొనసాగకపోవడంతో మరుసటి ఏడే విమానం ఆగిపోయింది. ఈసారి హామీకి గడువు ముందే రాసుకోవాలి.

కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం ఎంపీ. ఆయనకు, మీ ఎంపీకి ఉత్తరం రాయండి. మీ ఇంటి నుంచి ఏటా ఎందరు వెళ్తున్నారో, ఏ నెలల్లో వెళ్తున్నారో, ఎక్కడ విమానం మారుతున్నారో, మొత్తం ఎన్ని గంటలు పడుతోందో అందులో రాయండి. విమాన సంస్థ ముందు పెట్టడానికి పనికొచ్చే లెక్క అదే.