తాతల ఖాతాలో రెండో పేజీ

ఓట్స్ డబ్బా మీద టోపీ పెట్టుకుని నవ్వే పెద్దమనిషి మన పట్టణాల్లో చాలామందికి తెలుసు. క్వేకర్ అనే మాట మనలో ఎక్కువమంది చదివింది అక్కడే. చిత్రమేమిటంటే, ఆ కంపెనీకీ క్వేకర్లకూ ఏ సంబంధమూ లేదు. నిజాయితీపరులని వాళ్లకున్న పేరును అమెరికా వ్యాపారులు 1877లో ట్రేడ్‌మార్క్‌గా వాడుకున్నారు, అంతే. అసలు క్వేకర్లు కనిపించేది క్యాడ్‌బరీ చాక్లెట్ వెనక, బార్‌క్లేస్, లాయిడ్స్ బ్యాంకుల పుట్టుక వెనక. 1947లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నవి బ్రిటన్, అమెరికాల్లోని వాళ్ల సేవాసంస్థలు. విదేశీ వస్త్ర బహిష్కరణతో దెబ్బతిన్న లాంకషైర్ మిల్లు కార్మికులను కలవడానికి 1931లో గాంధీజీ డార్వెన్ అనే ఊరు వెళ్లినప్పుడు ఆయనకు ఆతిథ్యమిచ్చినవాళ్లూ క్వేకర్లే.

ఈ చిన్న సమాజానికి ఇంకో ప్రత్యేకత ఉంది. బ్రిటన్‌లో పూర్వీకుల ఆరా తీసేవాళ్లకు వంశంలో ఒక్క క్వేకర్ తగిలితే లాటరీ తగిలినట్టే. ఎందుకంటే వాళ్లు అన్నీ రాసిపెట్టారు. పుట్టుక రాశారు, చావు రాశారు, పెళ్లికి ఎవరెవరు వచ్చారో రాశారు. జప్తులో పోయిన ఆవు ఖరీదు రాశారు. తమలో తప్పు చేసినవాడిని ఎందుకు వెలివేశారో కూడా రాశారు. ఆ రాతల విలువేమిటో, అవి ఎక్కడ మూగబోతాయో తెలుసుకోవడానికి వాళ్ల పుట్టిల్లనదగ్గ ఉత్తర లాంకషైర్‌ను మించిన చోటు లేదు.

1652లో జార్జ్ ఫాక్స్ అనే యువకుడు ఆ ప్రాంతంలోని పెండిల్ కొండ ఎక్కి, దిగాక ఊరూరా తిరిగి బోధించాడు. దేవుడికీ మనిషికీ మధ్య పూజారి అక్కర్లేదు, ప్రతి మనిషిలోనూ వెలుగు ఉంది అన్నది ఆయన మాటల సారం. అల్వర్‌స్టన్ దగ్గర స్వార్త్‌మూర్ హాల్ అనే ఇంట్లో జడ్జి థామస్ ఫెల్ భార్య మార్గరెట్ ఫెల్ ఆయన మాట విని ఆ బాట పట్టారు. ఆ ఇల్లే ఉద్యమానికి కేంద్రమైంది. తమను తాము 'మిత్రులు' అని పిలుచుకున్న వీళ్లను లోకం 'క్వేకర్లు', అంటే వణికేవాళ్లు, అని వెక్కిరించింది. వెక్కిరింపే పేరుగా స్థిరపడింది.

వీళ్లు ఎవరికీ టోపీ తీసేవారు కాదు. జడ్జినైనా జమీందారునైనా 'నువ్వు' అనే పిలిచేవారు. మన ఊళ్లలో దొర ముందు తలపాగా, చెప్పులు తీయకపోతే ఏమయ్యేదో ఊహించుకుంటే చాలు, అక్కడ జరిగింది అర్థమవుతుంది. కోర్టులో ప్రమాణం చేయమనేవారు. ఎప్పుడూ నిజమే చెప్పేవాడికి ప్రమాణం ఎందుకని వీళ్ల వాదన. చర్చికి కట్టాల్సిన దశమభాగం పన్ను కట్టేవారు కాదు. ఫలితం జైలు. ఫాక్స్ 1660లోనూ, మళ్లీ 1664లోనూ లాంకాస్టర్ కోట జైలుకు వెళ్లాడు. మార్గరెట్ ఫెల్‌కు 1664లో యావజ్జీవ ఖైదు, ఆస్తి జప్తు శిక్ష పడింది. ఆమె 1668లో విడుదలయ్యారు. మతసభల్లో ఆడవాళ్లు మాట్లాడడం న్యాయమేనని వాదించే పుస్తకం ఆమె జైల్లో ఉండగానే 1666లో వెలువడింది.

రాయడం మొదలైంది ఈ కష్టాల మధ్యే. తమకు జరిగిన అన్యాయానికి తామే సాక్ష్యం దాచుకోవాలని ప్రతి సభా 'బాధల పుస్తకం' నడిపింది. ఏ ఊళ్లో, ఏ తేదీన, ఏ అధికారి వచ్చి ఎవరి ఇంట్లోంచి ఏం పట్టుకుపోయాడో అందులో ఉంటుంది. వాటిని క్రోడీకరించి జోసెఫ్ బెస్సె 1753లో రెండు పెద్ద సంపుటాలు అచ్చువేశాడు. జిల్లాల వారీగా, పేర్ల పట్టికతో. రాజుల చరిత్రలో చోటు దొరకని సన్నకారు రైతు ఇంట్లో ఎన్ని పళ్లాలుండేవో, ఎంత ధాన్యం నిల్వ ఉండేదో ఆ జప్తుల లెక్కలే ఈ రోజు చెబుతాయి. మార్గరెట్ కూతురు సారా ఫెల్ 1673 నుంచి 1678 దాకా రాసిన స్వార్త్‌మూర్ ఇంటి జమాఖర్చులు కూడా మిగిలాయి. కూలీలకు ఎంత ఇచ్చారో అందులో చూడొచ్చు.

పూజారి లేడు కాబట్టి పెళ్లికీ పూజారి లేడు. వధూవరులు నిశ్శబ్దంగా ఉన్న సభలో లేచి నిలబడి ఒకరినొకరు స్వీకరిస్తున్నామని చెబుతారు. తర్వాత అక్కడున్నవాళ్లంతా ఆ పత్రం మీద సంతకాలు పెడతారు. వంశవృక్షం గీసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? అమ్మానాన్నలు, మేనమామలు, పెద్దమ్మలు, ఇరుగుపొరుగు అంతా ఒకే కాగితం మీద. మిగతా దేశమంతా ఆంగ్లికన్ చర్చిలోనే పెళ్లి చేసుకోవాలని 1753లో చట్టం చేసినప్పుడు పార్లమెంటు మినహాయించింది క్వేకర్లనూ యూదులనూ మాత్రమే. ఆడవాళ్లకు వేరే సభలు, వాటికి వేరే మినిట్స్ పుస్తకాలు ఉండేవి. అందుకే ఇతర చోట్ల 'ఫలానావాడి భార్య'గా మాత్రమే మిగిలిన స్త్రీలు ఇక్కడ సొంత పేర్లతో, సొంత అభిప్రాయాలతో కనిపిస్తారు.

ఇంత సమాచారం ఉన్నా వెతకడం అంత తేలికేం కాదు. మొదటి చిక్కు తేదీలది. నెలల పేర్లు అన్యదేవతలవని వీళ్లు అంకెలే వాడారు. 1752కు ముందు ఇంగ్లండ్‌లో ఏడాది మార్చిలో మొదలయ్యేది కాబట్టి 1700లో 'మూడో నెల' అంటే మార్చి కాదు, మే. రక్తాక్షి నామ సంవత్సరం అని రాసిన పాత దస్తావేజు చేతికొస్తే అది ఏ అరవై ఏళ్ల చక్రంలోని రక్తాక్షో తేల్చుకోవాల్సిన మన కష్టం లాంటిదే ఇదీ. రెండో చిక్కు సరిహద్దులది. స్వార్త్‌మూర్ ఉన్న ఫర్నెస్ ప్రాంతం 1974 దాకా లాంకషైర్‌లో ఉండేది, తర్వాత కంబ్రియాలో కలిసింది. 2016 తర్వాత తెలంగాణలో తాతగారి ఊరు ఏ జిల్లాలో ఉందో వెతుక్కున్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. మూడోది సమాధులు. ఆడంబరమని క్వేకర్లు చాలాకాలం సమాధి రాళ్లు వద్దన్నారు. 1850లో గానీ ఒకే తీరున ఉండే సాదా రాళ్లకు అనుమతి రాలేదు. శ్మశానానికి వెళ్లి పేరు చదువుకుందామంటే అక్కడ గడ్డి తప్ప ఏమీ ఉండకపోవచ్చు.

కాబట్టి దారి పుస్తకాలదే. జనన, వివాహ, మరణ రిజిస్టర్లను క్వేకర్లు 1840లో ప్రభుత్వానికి అప్పగించారు. అవి లండన్ శివార్లలోని క్యూలో, జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అప్పగించే ముందు తీసిన సంగ్రహ ప్రతులు లండన్‌లోని వాళ్ల సొంత గ్రంథాలయంలో ఉన్నాయి. స్థానిక సభల పుస్తకాల కోసం ప్రెస్టన్‌లోని లాంకషైర్ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. చాలామంది మొదటిదానితోనే ఆగిపోతారు. పేరు దొరికింది, తేదీ దొరికింది, చెట్టుకు ఒక కొమ్మ పెరిగింది అని తృప్తిపడతారు. కానీ మనిషి కనిపించేది మినిట్స్‌లోనే. దివాలా తీసి అప్పులవాళ్లను ముంచినవాడు, తాగుబోతు, సైన్యంలో చేరినవాడు, బయటివాళ్లను పెళ్లాడినవాడు అంతా అక్కడ దొరుకుతారు. బయట పెళ్లి చేసుకుంటే వెలి అన్న నియమం 1860 దాకా నడిచింది. సమానత్వం చెప్పిన సమాజమే ఇంత గట్టి కంచె వేసుకోవడం మనకు వింతగా అనిపించదు. కంచెల సంగతి మనకు తెలియనిదా?

అసలు పరీక్ష లాంకాస్టర్ రేవులో ఎదురవుతుంది. రైల్వే స్టేషన్ పక్కనే 1708లో కట్టిన క్వేకర్ల సభామందిరం ఇప్పటికీ ఉంది. కాస్త దూరంలో వాళ్ల తాతలను బంధించిన కోట. ఇంకొంత దిగితే సెయింట్ జార్జ్ క్వే అనే రేవుకట్ట. పద్దెనిమిదో శతాబ్దంలో బ్రిటన్‌లో బానిస వ్యాపారం చేసిన రేవుల్లో లాంకాస్టర్‌ది నాలుగో స్థానం. ఆ వ్యాపారంలో ముందువరుసలో నిలిచిన డాడ్‌షన్ ఫోస్టర్ క్వేకర్. బానిసల చెమటతో పండిన చక్కెర మీద ఎదిగిన వెస్టిండీస్ వర్తకులు సాటర్త్‌వెయిట్లు, రాలిన్సన్‌లవీ క్వేకర్ కుటుంబాలే. దశమభాగం పన్నుకు తలవంచక ఆవును పోగొట్టుకున్న తరానికీ, మనుషులను సరుకుగా ఓడకెక్కించిన తరానికీ మధ్య వందేళ్లు కూడా లేవు.

క్వేకర్లు బానిసత్వాన్ని వ్యతిరేకించలేదా అంటే, వ్యతిరేకించారు. అమెరికాలోని జర్మన్‌టౌన్‌లో 1688లోనే కొందరు నిరసన పత్రం రాశారు. లండన్‌లో జరిగే వార్షిక సభ 1727లో ఈ వ్యాపారాన్ని తప్పుపట్టింది, 1761లో అందులో ఉన్నవాళ్లను వెలివేయాలంది. 1787లో బానిస వ్యాపార నిర్మూలనకు లండన్‌లో ఏర్పడిన కమిటీలోని 12 మందిలో 9 మంది క్వేకర్లు. సమాజం పేరు చెప్పగానే వినిపించేది ఈ గొప్ప కథే. కానీ 1727కూ 1761కీ మధ్య 34 ఏళ్లున్నాయి. తప్పు అని తెలిశాక కూడా ఆపడానికి పట్టిన కాలం అది. ఫోస్టర్ లాంటివాళ్లు బాగుపడింది ఆ సందులోనే.

ఇదే ఫోస్టర్ వంశంలో తర్వాత జోసెఫ్ ఫోస్టర్ (1844-1905) పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదివినవాళ్ల వివరాలన్నీ సంపుటాలుగా కూర్చిన పేరున్న వంశచరిత్రకారుడాయన. ఒక ఇంటివాళ్లు వందల కుటుంబాల వంశాలు రాయగలిగారు. ఆ ఇంటి పెద్ద ఓడల్లో వెళ్లినవాళ్లకు మాత్రం వంశం కాదు కదా, కాగితం మీద పేరే మిగల్లేదు. 2005లో ఆ రేవుకట్ట మీద బందీల స్మారకం ఒకటి నిలబెట్టారు. దాని మీద ఓడలకు పేర్లున్నాయి, కెప్టెన్లకు పేర్లున్నాయి. బందీలకు ఉన్నది అంకె. చెక్కినవాళ్ల లోపం కాదది. దొరికిన రికార్డే అంత.

2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత లాంకాస్టర్ చర్చి ఆవరణలోని రాలిన్సన్ కుటుంబ సమాధి మీద ఎవరో 'బానిస వ్యాపారి' అని రంగుతో రాశారు. 2022లో బ్రిటన్ క్వేకర్ల వార్షిక సభ, బానిస వ్యాపారంలోనూ వలస పాలనలోనూ తమ పాత్రకు పరిహారం చెల్లించాలన్న నిర్ణయానికి వచ్చింది. ఎవరికి, ఎంత, ఎలా అన్నవి కష్టమైన ప్రశ్నలు. కానీ ఆ చర్చ సాధ్యమైందంటే కారణం పాత పుస్తకాలు. తాతలు తమ బాధలతో పాటు తమ వ్యాపారాలూ వెలివేతలూ రాసిపెట్టకపోతే, మనవలు తమది త్యాగమూర్తుల వంశమనే చెప్పుకుంటూ ఉండేవాళ్లు.

మన దేశంలో కూడా క్వేకర్ల పుస్తకాలున్న ప్రాంతం ఉంది. 1866లో భారతదేశానికి వచ్చిన రేచల్ మెట్‌కాఫ్‌తో మొదలైన వాళ్ల మిషన్ మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ చుట్టూ స్థిరపడింది. ఆ ఊరి పేరు 2022 నుంచి నర్మదాపురం. 1890ల చివర వచ్చిన కరువుల్లో దిక్కులేని పిల్లలను మిషన్ చేరదీసింది. ప్రాణం నిలబడింది, చదువు వచ్చింది. కానీ కరువులో తల్లీ తండ్రీ పోయి ఆశ్రమానికి చేరిన పసిబిడ్డ ఊరేదో, ఇంటిపేరేదో రిజిస్టర్ రాసేవాళ్లకు చెప్పేదెవరు? అలాంటి బిడ్డ మనవడు ఈ రోజు మూలాలు వెతుక్కుంటే దారి ఆశ్రమం గుమ్మం దగ్గర ఆగిపోతుంది. లాంకషైర్ క్వేకర్‌కు పది తరాలు దొరికే సమాజపు పుస్తకంలోనే ఇతనికి మూడు తరాలు దొరకడం కష్టం.

మనకూ వంశాలు చెప్పేవాళ్లు ఉన్నారు. కాశీ, గయల్లో పండాల బహీలున్నాయి. తెలుగునాట ఊరూరా తిరిగి గోత్రాలు చెప్పే పిచ్చిగుంట్లవారు ఉన్నారు, వాళ్లను ఇప్పుడు వంశరాజ్‌లు అంటున్నారు. మాదిగల వంశకథ చెప్పే డక్కలివారు ఉన్నారు. చెప్పేవాడికి కట్నం ఇచ్చేది వినేవాడే కాబట్టి ఆ కథల్లో తాత ఎప్పుడూ దాతే, వీరుడే. తాకట్టు పెట్టించుకున్న పొలమో, వెట్టి చేయించుకున్న పాలేరో కథలోకి రావడం అరుదు.

సెలవులకు వచ్చిన ఎన్నారై పిల్లలు ఈ మధ్య వంశవృక్షం గీద్దామని పెద్దవాళ్ల దగ్గర కూర్చుంటున్నారు. మంచి పనే. పేర్లు, తేదీలు రాసుకున్నాక ఇంకో రెండు ప్రశ్నలు అడిగితే బాగుంటుంది. ఆ భూమి మనకెలా వచ్చింది? మన ఇంట్లో పనిచేసిన వాళ్ల పేర్లేమిటి? రెండోదానికి జవాబు చెప్పగలిగిన నాయనమ్మలు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నారు. వాళ్లు ఉండగానే ఆ పేర్లు రాసుకోవాలి. తమ తాతల పేర్లు ఏ పుస్తకంలోనూ దొరకని కుటుంబం ఏదైనా రేపు వెతుక్కుంటూ వస్తే, దొరికే ఒక్క ఆధారం మన నోటుపుస్తకమే కావచ్చు.