మన వాకిట పరదేశి



ఎల్లారెడ్డి, కామారెడ్డి ప్రాంతంలో గల్ఫుకు మనిషిని పంపని ఊరు అరుదు. దుబాయి, సౌదీ, మస్కటు అనే పేర్లు మన అవ్వలకు కూడా నోటికి వచ్చు. అప్పు చేసి వెళ్ళిన బిడ్డకు అక్కడి భాష రాదు. ఎన్నేళ్ళు చెమటోడ్చినా ఆ దేశం అతనికి సొంతం కాదు. అతనికి జ్వరం వచ్చినప్పుడు ముక్కూ మొహం తెలియని మలయాళీ ఎవరో ఇంత గంజి కాచి ఇస్తే, ఇక్కడి తల్లి ఆ మనిషిని జన్మంతా తలచుకుంటుంది.

ఇప్పుడు మన వైపు చూడండి. మన రాష్ట్రంలోని రైసు మిల్లుల్లో బస్తాలు మోసేవారిలో చాలామంది బీహారు వారు. నాట్లకు బెంగాలు నుండి కూడా ముఠాలు వస్తున్నాయి. 2020 లాక్‌డౌన్‌లో నాగపూరు రోడ్డు మీద పిల్లలను ఎత్తుకొని నడిచిన కూలీలు మనకు గుర్తే. ఆ మే 1న లింగంపల్లి నుండి హటియాకు మొదటి రైలు సుమారు 1,200 మందిని తీసుకువెళ్ళింది. అదే నెలలో మిల్లు పనికి బీహారులోని ఖగడియా నుండి కూలీలను రైలులో రప్పించుకోవలసి వచ్చింది. వారు లేనిదే మన వడ్లు కదలలేదు.

వలస మనకు కొత్త కాదు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువల కింద కోస్తా రైతులు వచ్చి స్థిరపడ్డారు. వారి క్యాంపులు ఇప్పటికీ ఆ పేరుతోనే ఉన్నాయి. మా భూములు చేజారాయని ఇక్కడివారికి కలిగిన బాధ వట్టి అసూయ కాదు. యాసల మీద ఎగతాళి కూడా నడిచింది. కలిసి బ్రతకడం అలవడడానికి తరాలు పట్టింది.

బయటివారు తక్కువకు వచ్చి మా కూలి చెడగొడుతున్నారని నేడు కొందరు అంటున్నారు. అది కొట్టివేయదగ్గ మాట కాదు. అయితే కూలి తగ్గించేది వచ్చినవాడా, ఇచ్చేవాడా? ఇద్దరికీ ఒకే రేటు కడితే ఎవరి నోటి ముద్దా పోదు.

మోయాబు నుండి వచ్చిన రూతుకు బోయజు పరిగె ఏరుకోనివ్వడమే కాదు, పనివారు ఆమె జోలికి పోకుండా కట్టడి చేశాడు, దాహమైతే వారి కుండల నీళ్ళు త్రాగమన్నాడు. పని, భద్రత, నీళ్ళు: పరదేశికి కావలసినవి ఇవే.

ప్రియులారా, మనం చేయగలిగినవి ఉన్నాయి. వారి ఊరి రేషన్ కార్డు మీద ఇక్కడి దుకాణంలో కూడా బియ్యం తీసుకోవచ్చు. ఈ సంగతి వారికి చెప్పండి. టి.సి. లేదని వారి పిల్లలను బడిలో చేర్చుకోకపోవడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కుదరదు. ఆ పిల్లల వెంట బడికి వెళ్ళండి. మీ పొలంలో పనిచేసిన ముఠాకు పని ముగిసిన రోజే లెక్క తేల్చి డబ్బివ్వండి. వారి తల్లులు కూడా ఎక్కడో ఫోను కోసం ఎదురుచూస్తున్నారు.