పాత బనియన్‌తో కారు కడగొద్దు
లక్షలు పోసి కారు కొంటాం, దాన్ని కడగడానికి మాత్రం పాత బనియన్ గుడ్డ ఇస్తాం. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో రోజూ పొద్దున్నే జరిగే తంతు ఇదే: అరబకెట్ నీళ్లు, ఒకే గుడ్డ, చక్రాలకూ బానెట్‌కూ అదే. నల్ల కారును ఎండలో నిలబెట్టి చూస్తే ఒళ్లంతా సాలెగూడు లాంటి సన్నగీతలు. తప్పు గుడ్డది, కడిగిన మనిషిని తిట్టి లాభం లేదు. రంగు మీదుండే క్లియర్ కోట్ సాధారణంగా 50 మైక్రాన్ల లోపే, అంటే వెంట్రుక కంటే పలచన. చదునైన గుడ్డ ఇసుక రేణువును దానికేసి రుద్దుతుంది. పొడుగు కుచ్చులున్న మైక్రోఫైబర్ గ్లవ్ ఆ రేణువును తన పోగుల్లోకి లాక్కుంటుంది. కొనేటప్పుడు కుచ్చులు ఒత్తుగా ఉన్నాయా, అంచు కుట్టు గరుకుగా తగులుతోందా అని అరచేత్తో తడిమి చూడండి. కడిగేటప్పుడు ముందు నీళ్లు కొట్టి దుమ్ము వదిలించాలి. షాంపూ నీళ్లకు ఒక బకెట్, గ్లవ్ జాడించడానికి మరొకటి, చక్రాలకు వేరే గుడ్డ ఉండాలి. కిందపడిన గ్లవ్‌ను శుభ్రంగా ఉతక్కుండా మళ్లీ బాడీకి తాకించొద్దు. గీతలు పోగొట్టే పాలిష్ ఖర్చు ముందు గ్లవ్ ధర ఏపాటిది? కారు కడిగే మనిషి చేతికి అది కొనిచ్చే బాధ్యత యజమానిదే.